మురుగు పైపులలో నీటి ధార: యంత్రం ఆగేచోటు
మురుగు పైపు పూడినప్పుడు జెట్టింగ్ యంత్రపు రబ్బరు గొట్టాన్ని దిగువ మ్యాన్‌హోల్ నుండి ఎగువకు పంపుతారు. కొననున్న నాజిల్ రంధ్రాలు అధికభాగం వెనుకవైపుకే ఉంటాయి. అధిక పీడనంతో వెనుకకు చిమ్మే నీరే గొట్టాన్ని ముందుకు నెడుతుంది. తిరిగి లాగేటప్పుడు పూడికను మ్యాన్‌హోల్‌లోకి ఊడ్చుకువస్తుంది.

ధార పూడికను కదిలిస్తుందే కాని బయటికి తీయదు. పీల్చే యంత్రం తోడు లేనిచోట ఆ పని మనిషి మీదనే పడుతుంది (మ్యాన్‌హోల్ అన్న మాటలోనే మనిషి ఉన్నాడు). కదిలిన బురద నుండి ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడేదీ అప్పుడే. రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పెద్ద వాహనం చొరబడని సందులలో యంత్రపు శక్తి కంటె దాని వెడల్పే ముఖ్యం. హైదరాబాద్ జలమండలి 2017లో అటువంటి సందుల కోసమే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది.