ఊదావన్నె స్పినెల్

1995లో భారత ప్రభుత్వము కొనిన నిజాము ఆభరణములలో కెంపులను బోలు స్పినెల్ రాళ్లును గలవు. చిరకాలము కెంపులుగానే చెల్లిన యీ జాతిని 1783లో ఫ్రెంచి పండితుడొకడు వేఱుపఱచెను. ఇందు ఊదావన్నెది నా కంటికి మిక్కిలి సొగసు. సానపట్టిన ముఖములపై నేరేడుపండు నిగ్గు. ఎటు త్రిప్పినను చాయ మాఱదు. ఊదా పలుగురాయిని, అనగా అమెథిస్టును, దీనిపేర నంటగట్టువారు గలరు. పలుగురాతి కాఠిన్యము 7, దీనిది 8. దుమ్ములో పలుగురేణువు లుండుటచే, తుడిచినకొలది ఏండ్లకు ఆ రాతి యంచులు మొద్దువాఱును, దీనివి నిలుచును. కొనునపుడు మన కరీంనగరపు అవుసలవారి త్రాసుననే, రాతిని దారమున గట్టి, మొదట గాలిలో, పిదప నీట మునిగియుండగా తూపింపుడు. నీట పలుగురాయి తన బరువులో మూడవవంతునకు మించి కోల్పోవును. స్పినెల్ నాల్గవవంతునకు కొంచెము మించి మాత్రమే. నగలో పొదుగకముందే యిది చేయింపవలెను.