తుపాకి గొట్టములోని మెలిక



నేను చిరకాలము బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. ఆయుధవిద్య నాది కాదు. అయినను ఒకనాడు మా వీధిలో పిల్లలు బొంగరములాడుచుండగా, సైన్యమునుండి సెలవుపై వచ్చిన నా పూర్వశిష్యుడొకడు "మాస్టారండీ, రైఫిలు గొట్టములో మెలిక ఎంత ఎక్కువైతే గుండు అంత సూటిగా పోతుందా?" అని యడిగెను. నేను బొంగరమును చూపి, "అంతే నాయనా, ఎంత వడిగా తిరిగిన అంత స్థిరము" అంటిని. అది సగము మాత్రమే నిజమని పిమ్మట చదివి తెలిసికొంటిని. గురువు చెప్పిన తప్పును గురువే దిద్దవలెను గదా!

మొదట మెలిక యననేమో చెప్పెదను. రైఫిలు గొట్టపు లోపలి గోడపై మరమేకు చుట్లవలె ఏటవాలుగా గాడులుండును. గుండు వానిని కరచుకొని సాగుచు తన చుట్టు తాను తిరుగును. ఎన్ని అంగుళములు సాగునప్పటికి ఒక చుట్టు పూర్తియగునో అదియే మెలిక కొలత. ఆ సంఖ్య తగ్గినకొలది తిరుగుడు హెచ్చును. రెండు ప్రపంచయుద్ధములందును మన సిపాయీలు మోసిన 303 లీ ఎన్‌ఫీల్డు రైఫిలు మెలిక 10 అంగుళములకొక చుట్టు. గుండు సెకండుకు 2,440 అడుగుల వేగముతో వెలువడును. లెక్కించి చూడుడు: సెకండుకు రమారమి 2,900 చుట్లు!

ఇంత తిరుగుడెందులకు? కోలగానుండు గుండునకు బరువు వెనుకవైపున హెచ్చు. గాలి త్రోపుడో, ఆ బరువు కేంద్రమునకు ముందుగా తగులును. కావున గాలి దానిని తలక్రిందులు చేయజూచును. తిరుగని బొంగరము నేలబడును. తిరుగునది ఒరగియు నిలుచును. గుండు సంగతియు నట్టిదే. గాడుల గొట్టముల గుణమును బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు 1747లో రాయల్ సొసైటీ వారికి వివరించెను. ఆయన పిదప ఈస్టిండియా కంపెనీ కొలువున మన దేశమునకు వచ్చి, కడలూరు చెంత సెయింట్ డేవిడ్ కోటలో 1751లో కన్నుమూసెను.

ఎంత మెలిక కావలెనను ప్రశ్నకు 1879లో గ్రీన్‌హిల్ అను గణితపండితుడు సులభసూత్రము చెప్పెను. గుండు పొడవు దాని వ్యాసమునకు ఎన్ని రెట్లో చూచి, ఆ సంఖ్యతో 150ని భాగింపవలెను. వచ్చిన ఫలమును వ్యాసముతో గుణించిన మెలిక తేలును. వ్యాసము 0.3 అంగుళము, పొడవు దానికి 4 రెట్లనుకొందము. 150ని 4చే భాగింప 37.5, దానిని 0.3చే గుణింప 11.25 అంగుళములు. ఇది ఉజ్జాయింపు లెక్కయే. అయినను మూలధర్మమును చక్కగా చూపును: బరువుకంటె పొడవు ముఖ్యము. పొడవు హెచ్చినకొలది మెలిక బిగువు కావలెను.

ఈ లెక్క తప్పిన నేమగునో అమెరికా సైన్యపు ఎం-16 రైఫిలు కథ తెలుపును. దానికి మొదట 14 అంగుళముల మెలిక పెట్టిరి. మంచుదేశపు చలిగాలి దట్టముగానుండును గాన, అందు గుండు నిలకడ తప్పెను. 1963లో మెలికను 12 అంగుళములు చేసిరి. 1980 తరువాతి సంవత్సరములలో మరింత పొడవైన గుండ్లు రాగా, 7 అంగుళముల మెలికగల గొట్టములు చేసిరి. ఆ క్రొత్త గుండును పాత 12 అంగుళముల గొట్టమునుండి పేల్చినచో అది గాలిలో అడ్డము తిరుగును, గురి చెడును. గుండు మంచిదే, గొట్టము మంచిదే, పొత్తు కుదరలేదు. యుద్ధభూమిలో దాని వెల సిపాయి ప్రాణము.

మరి మెలికను ఎల్లప్పుడు అత్యధికముగా నుంచరాదా? రాదు. ఏ గుండును నూటికి నూరుపాళ్లు సమముగానుండదు. బరువు కేంద్రము వెంట్రుకవాసి ప్రక్కకున్నను, తిరుగుడు హెచ్చినకొలది గొట్టపు మూతి దాటగానే ఆ దోషము గుండును ప్రక్కకు విసరును. పలుచని తొడుగుగల తేలిక గుండైనచో మితిమీరిన తిరుగుడుచే గాలిలోనే చీలి ముక్కలగుటయు గలదు.

కావున నా శిష్యునకు నేడు చెప్పు జవాబిది: నాయనా, మెలిక యెంత యని విడిగా అడుగకుము, ఏ గుండునకు, ఎంత పొడవునకు, ఏ గాలిలో అని యడుగుము. చాలినంతకు కొంచెము మించి యుండుట క్షేమము, చాలకుండుట ప్రమాదము, మితిమీరుట దోషము.

సెలవు.