జింకల మందకు జమాఖర్చు

జింకలను పెంచి అమ్మే వ్యాపారం ఒకటున్నదంటే మన విద్యార్థి మిత్రులలో చాలామంది నవ్వుతారు. జింక మనకు అడవిలోనో, జంతుప్రదర్శనశాలలోనో కనిపించే ప్రాణి. కాని అమెరికా, కెనడా దేశాలలో తెల్లతోక జింకలనూ, ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పులనూ ఎత్తయిన కంచె వేసి మందలుగా పెంచుతారు. మాంసానికి కొన్ని, లేత కొమ్ములకు కొన్ని, డబ్బు చెల్లించి వేటాడే సరదారాయుళ్ళ కోసం కొన్ని. ఈ మందలకు మేత ఎంత అవసరమో రిజిస్టరూ అంతే అవసరం. ఎందుకో తెలియాలంటే ఒక జబ్బు సంగతి చెప్పుకోవాలి.

1967లో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం బంధించి పెంచుతున్న మ్యూల్ జింకలు చిక్కి శల్యమై, చొంగ కార్చుకుంటూ, తల వాల్చి చనిపోసాగాయి. అది మెదడును స్పంజిలాగా తూట్లు పొడిచే జబ్బని 1978లో గాని తేలలేదు. దీనికే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని పేరు. కారణం బాక్టీరియా కాదు, వైరసూ కాదు. ఆకారం చెడిన ఒక ప్రోటీను, ప్రియాన్. మందు లేదు, టీకా లేదు. చొంగ, మూత్రం, పేడ ద్వారా నేలలో చేరి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

అసలు చిక్కు ఇంకొకటి. జబ్బు అంటిన జింక ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా నిక్షేపంగా కనిపించవచ్చు. ఈలోగా అది అమ్ముడుపోతుంది, లారీ ఎక్కుతుంది, ఇంకో మందలో కలుస్తుంది. జబ్బు ఉన్నదీ లేనిదీ ఖాయంగా తేల్చాలంటే చచ్చిన తర్వాత మెదడు కాండాన్నీ, గొంతు దగ్గరి లింఫు గ్రంథులనూ పరీక్షించాలి. అప్పటికి ఆ జింక ఎవరెవరి దొడ్లలో తిరిగి వచ్చిందో చెప్పగలిగేది కాగితం ఒక్కటే! 1996లో కెనడాలోని సస్కాచువాన్‌లో ఒక ఎల్క్ ఫారంలో ఈ జబ్బు బయటపడింది. మూలం వెతికితే దక్షిణ డకోటా నుంచి తెచ్చిన జంతువుల దగ్గర తేలింది. 2001లో దక్షిణ కొరియాలో కనిపించినప్పుడు, అది కెనడా నుంచి దిగుమతి అయిన ఎల్క్‌లోనే.

అమెరికా ప్రభుత్వం 2012లో మందల ధృవీకరణకు నియమాలు ఖరారు చేసింది. చేరటం ఐచ్ఛికమే. కాని ధృవీకరణ లేని మందలోని జింకను సాధారణంగా ఇంకో రాష్ట్రానికి తోలటానికి వీలులేదు. ప్రతి జంతువుకూ రెండు గుర్తులుండాలి, చెవి బిళ్ళ వంటివి. ఏటా లెక్క చూపాలి. పన్నెండు నెలలు నిండిన జంతువు ఏ కారణంతో చచ్చినా పరీక్షకు పంపాలి. తప్పించుకుపోయినా తెలపాలి. ఇలా అయిదేళ్ళు జబ్బు లేకుండా గడిస్తేనే పూర్తి ధృవీకరణ. ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. నాలుగేళ్ళు నిండిన మందలోకి ఏడాది మాత్రమే నిండిన మంద నుంచి ఒక్క జింకను తెచ్చి కలిపితే, మంద మొత్తం మళ్ళీ ఒకటో ఏడాదికి దిగిపోతుంది. ఫైనలియర్ క్లాసులో ఒక జూనియర్ వచ్చి కూర్చుంటే అందరూ జూనియర్లయిపోయినట్లు!

ఇంతా చేసి, ధృవీకరణ పొందిన మందలలోనూ జబ్బు బయటపడిన సందర్భాలున్నాయి. రిజిస్టరు జబ్బును ఆపదు, దాని దారిని చూపిస్తుంది, అంతే. రైతు కష్టం కూడా చూడాలి. నిజం రాసి, పరీక్షలో జబ్బు తేలితే మంద మొత్తాన్నీ చంపవలసి రావచ్చు. ప్రభుత్వం దగ్గర నిధులుంటే నష్టపరిహారం ఇస్తుంది, అదీ జంతువుకు 3000 డాలర్లకు మించకుండా. పెద్ద కొమ్ముల పోతుకు బజారులో అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. కనుక రాసేవాడి చెయ్యి తడబడితే ఆశ్చర్యం లేదు. పరిహారం పెంచకుండా తనిఖీలు మాత్రం పెంచితే లెక్కలు నిజమవుతాయని నేను అనుకోను.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల జింక మాంసం వ్యాపారానికి తావు లేదు. జింకల చిట్టా మన దగ్గర జంతుప్రదర్శనశాలల్లో ఉంటుంది. పుట్టినవి, వచ్చినవి, పోయినవి, చచ్చినవి అన్నీ రాసి, మార్చి 31 నాటికి ఉన్న లెక్కను ఏటా కేంద్ర జూ ప్రాధికార సంస్థకు పంపాలి. చచ్చిన ప్రతి జంతువుకూ శవపరీక్ష తప్పదు. ఒక జూ నుంచి ఇంకో జూకు జంతువును మార్చాలన్నా ముందుగా ఆ సంస్థ అనుమతి కావాలి. ఇక్కడ ఈ చిట్టాకు ఇంకో పని కూడా ఉంది: ఏ లేడి ఏ ఇర్రికి పుట్టిందో రాసి ఉంటేనే, దగ్గరి రక్తం కలవకుండా వచ్చే ఈతకు జత కుదర్చగలరు.