రీకాల్: మరమ్మతుతో ముప్పు తప్పినట్టేనా?

భద్రతా లోపమున్న వాహనాలను తయారీ సంస్థ వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడమే రీకాల్. సరిచేశారు కదా అని లోపం పోయిందనుకోలేం. టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగుల ఉదంతమే చూడండి. ఆ బ్యాగును ఉబ్బించే పరికరంలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు దెబ్బతిని, ప్రమాదవేళ అతిగా పేలి లోహపు ముక్కలను మనుషుల మీదికి చిమ్మింది. అమెరికాలో సుమారు 6.7 కోట్ల పరికరాలను రీకాల్ చేశారు. వేరే రకం సరిపడా దొరక్క కొన్ని కార్లలో అదే రకం పరికరాన్ని మళ్లీ బిగించారు. కొత్తది గనుక కొన్నేళ్లు ముప్పు తగ్గింది; మూలకారణం అలాగే ఉండిపోవడంతో ఆ కార్లకు రెండోసారి మార్పిడి తప్పలేదు.

అలాంటప్పుడు రీకాల్‌కు వెళ్లడమెందుకని అడగవచ్చు. తాత్కాలిక మరమ్మతు కూడా ప్రాణం నిలుపుతుంది కాబట్టి వెళ్లాలి. కానీ మరమ్మతునూ పరీక్షించాలి. 2023 డిసెంబరులో టెస్లా రీకాల్ కింద, డ్రైవర్‌కు తోడ్పడే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్‌ను సుమారు 20 లక్షల కార్లలో మార్చింది. ఆ తర్వాతా ప్రమాదాలు జరగడంతో, ఆ మార్పు సరిపోయిందా అని 2024 ఏప్రిల్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. మన దేశంలోనూ 2021 ఏప్రిల్ నుంచి రీకాల్‌కు ఆదేశించే నిబంధనలున్నాయి. టకాటా బ్యాగులున్న కార్లు ఇక్కడా రీకాల్ అయ్యాయి. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాలవారు మరింత జాగ్రత్తపడాలి. సర్వీస్ సెంటర్‌లో ఏ భాగం మార్చారో, అది అదే రకమో కాదో, మళ్లీ రావాలో వద్దో అడిగి, కాగితం మీద రాయించుకోండి.