పిల్లలకేం తెలుసు అనుకోకండి!



"పిల్లలకేం తెలుసు? రెండు రోజులు ఏడుస్తారు, మూడో రోజుకి మరిచిపోతారు" - ఈ మాట అనని తల్లి మనలో వుండదేమో. నేనూ అన్నాను. ఒకసారి కాదు, పదిసార్లు అన్నాను. అలా అనుకున్నందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెబితే మీలో ఒక్కరికైనా పనికొస్తుందని ఈవేళ మీ ముందుకు వచ్చాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. పదో తరగతి కాగానే పుస్తకం మూసి గరిటె పట్టినదాన్ని. తప్పు చేసి నేర్చుకున్నదీ, ఆ తరవాత తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఇది 2016 నాటి సంగతి. రాష్ట్రం విడిపోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కార్యాలయాలు హైదరాబాదు నుంచి వెలగపూడికి, విజయవాడకు, గుంటూరుకు తరలిపోతున్న రోజులు. మావారిది ప్రభుత్వోద్యోగం. మేం వనస్థలిపురంలో అద్దెకుండేవాళ్ళం. మా వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా అదే మాట. ఎవరు వెళుతున్నారు, ఎవరు వుండిపోతున్నారు, పిల్లల చదువులేం కాను, రేపు వాళ్ళు ఏ వూరికి స్థానికులవుతారు - ఇవే కబుర్లు. కొందరు భార్యాపిల్లల్ని హైదరాబాదులోనే వుంచి, సోమవారం తెల్లవారుజామున రైలెక్కి, శుక్రవారం రాత్రికి ఇల్లు చేరేవారు. మేం మాత్రం ఇంటిల్లిపాదీ విజయవాడ వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాం.

నిర్ణయించుకున్నది ఎవరనుకున్నారు? నేనూ, మావారూ, మా అత్తగారూ. పిల్లలు పడుకున్న తరవాత వంటింట్లో కూర్చుని గుసగుసగా మాట్లాడుకున్నాం. అప్పటికి మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు. అమ్మాయికి ఆరేళ్ళు. "ఇప్పట్నించీ చెబితే బెంగ పెట్టుకుంటారు, సామాను కట్టే రోజున చెబుదాంలే" అనుకున్నాం. వాళ్ళ మేలు కోరే అనుకున్నాం సుమండీ!

ఒకరోజు సాయంత్రం అబ్బాయి క్రికెట్ బ్యాటు గుమ్మంలో పారేసి లోపలికి వచ్చాడు. ఇంటిగలవారి అబ్బాయి చెప్పాడట, మా వాటాలోకి ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారని. "మనం వెళ్ళిపోతున్నామని వీధిలో అందరికీ తెలుసమ్మా. నాకు తప్ప" అన్నాడు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టుకోలేదు. వూరు వదలడం కంటే ఆ "నాకు తప్ప" అన్నదే వాణ్ణి ఎక్కువ బాధపెట్టిందని అప్పుడు నాకు తెలియలేదు.

విజయవాడ వచ్చాం. కొత్త ఇల్లు, కొత్త బడి, కొత్త పుస్తకాలు. ఆరేళ్ళ అమ్మాయి నా కొంగు వదలడం మానేసింది. ఎప్పుడో మానుకున్న పక్క తడపడం మళ్ళీ మొదలైంది. బడికి వెళ్ళే వేళకి కడుపునొప్పి, ఆదివారం మాత్రం వుండదు. నాకు విసుగొచ్చి రెండు దెబ్బలు కూడా వేశాను. చివరికి ఒకనాటి రాత్రి వాళ్ళ నాయనమ్మ పక్కలో పడుకుని అసలు సంగతి చెప్పింది. హైదరాబాదు ఇంట్లో గోడ మీద రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీసిందట. ఇంటిగలావిడ నవ్వుతూనే, "ఇలా గీశావంటే మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయిస్తాను" అందట. అంచేత మేమందరం ఇల్లు వదిలి రావలసి వచ్చింది తన మూలానే అని ఆ పసిది నాలుగు నెలలు మనసులో పెట్టుకుని కుమిలిపోయింది! చూశారా? మనం చెప్పవలసిన కారణం చెప్పకపోతే, పిల్లలు తమంతట తాము ఒక కారణం వెతుక్కుంటారు. అది ఎప్పుడూ మనం చెప్పే నిజం కంటే ఘోరంగా వుంటుంది.

ఇక అబ్బాయి సంగతి. వాడు ఏడవలేదు, పోట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, అడిగినదానికి ఊ కొట్టాడు. "బంగారంలాంటి పిల్లాడు, ఇట్టే సర్దుకున్నాడు" అని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను. తీరా ఒకరోజు మావారి స్నేహితులొకాయన ఫోన్ చేశారు. బడి వేళలో మావాడు స్టేషనులో బెంచీ మీద సంచీ పెట్టుకుని కూర్చున్నాడని. ఎక్కడికీ పారిపోవడానికి కాదు. హైదరాబాదు వెళ్ళే బండ్లు చూడడానికి! అది నాలుగోసారి అని తరవాత తెలిసింది. ఆ పూట నా గుండె ఎంత జారిపోయిందో తల్లులైన మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు భయం వేసి పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నన్నేమీ మందలించలేదు. "అల్లరి చేసే పిల్లను చూసి మీరు భయపడ్డారు. నిజానికి చప్పుడు చేయని పిల్లాణ్ణి చూసి భయపడాల్సింది" అన్నారు. ఆవిడే ఒక పాత సంగతి చెప్పారు. ఒకప్పుడు ఇంగ్లండులో ఆసుపత్రిలో వున్న చిన్నపిల్లల్ని చూడడానికి తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవారు కాదట. అమ్మ వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా వుంటారు అనేది వాళ్ళ వాదన. జేమ్స్ రాబర్ట్సన్ అనే ఆయన 1952లో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో వున్న ఒక రెండేళ్ళ పాప మీద సినిమా తీసి అందరికీ చూపించాడు. ఆయనా, ఆయనతో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ అనే వైద్యుడూ గమనించిందేమిటంటే, అయినవాళ్ళకి దూరమైన పిల్లలు మొదట ఏడ్చి గోలపెడతారు, తరవాత నీరసపడి దిగాలుగా వుండిపోతారు, ఆ పైన ఏమీ పట్టనట్టు తయారవుతారు. ఆ మూడోదాన్ని చూసి పెద్దలు "సర్దుకున్నాడు" అనుకుంటారు! ఇలాంటి కృషి వల్లే 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన సంఘం, తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గరికి ధారాళంగా రానివ్వాలని సిఫారసు చేసింది. మన ఇళ్ళల్లో పద్నాలుగేళ్ళ పిల్లవాడి మౌనానికీ ఇదే అర్థం వుండవచ్చు. అడగందే తెలియదు.

ఆవిడ చెప్పిన ప్రకారం ఏం చేశామో చెబుతాను. మొదటిది, మావారు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, "మీకు ముందుగా చెప్పకపోవడం మా తప్పు" అన్నారు. తండ్రి నోట ఆ మాట విని అబ్బాయి బోరుమని ఏడ్చాడు. వచ్చిన ఇన్ని నెలల్లో అదే వాడి మొదటి ఏడుపు. రెండోది, అమ్మాయికి ఇల్లు మారడానికీ గోడ మీద బొమ్మలకీ సంబంధం లేదని ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పాం. పిల్లలు అడిగిందే అడుగుతారు. అది మన మాట మీద నమ్మకం లేక కాదు, ఆ మాట మళ్ళీ వింటే ధైర్యం కనక. మూడోది, పాత అలవాట్లు కొన్ని తిరిగి పెట్టుకున్నాం. హైదరాబాదులో ఆదివారం పొద్దున్న పెసరట్టు, రాత్రి నాయనమ్మ కథ వుండేవి. కొత్త ఇంటి హడావిడిలో రెండూ ఎగిరిపోయాయి. చుట్టూ అన్నీ మారిపోయినప్పుడు పిల్లలకి మారనిది ఒకటో రెండో వుండాలి. అది పెసరట్టయినా సరే. నాలుగోది, దసరా సెలవుల్లో అబ్బాయిని స్నేహితుల దగ్గరికి పంపాం. "వెళితే మళ్ళీ బెంగ పెట్టుకుంటాడు" అని భయపడ్డాను. వెళ్ళి వచ్చాక తేలిగ్గా వున్నాడు. పాత స్నేహాలు తెంపితేనే కొత్తవి అతుకుతాయనుకోవడం మన పొరపాటు.

రెండేళ్ళు తిరగకుండానే ఇంకో కష్టం వచ్చింది. 2018లో మా అత్తగారు పోయారు. అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇంటికొచ్చిన బంధువులు, "నాయనమ్మ నిద్రపోతోందని చెప్పు, వూరెళ్ళిందని చెప్పు" అన్నారు. ఈసారి నేను వినలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనమ్మ చచ్చిపోయిందమ్మా. గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. ఇక నాయనమ్మకి నొప్పి వుండదు, ఆకలి వుండదు. మళ్ళీ రాదు. మనందరికీ చాలా ఏడుపొస్తోంది" అన్నాను. అది మొదట అడిగిందేమిటో తెలుసా? "మరి రాత్రి కథ ఎవరు చెబుతారు?" నేను చెబుతానన్నాను. ఆ తరవాత, "నేను మొన్న నాయనమ్మ మీద కోప్పడ్డాను, అందుకా?" అంది. కాదని చెప్పాను. ముందు ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కనక ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

నిద్రపోతోందని చెబితే తప్పేమిటంటారేమో. అలా విన్న పిల్లలు రాత్రిళ్ళు కళ్ళు మూయడానికే భయపడతారు. వూరెళ్ళిందంటే గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. చెప్పకుండా వెళ్ళిందని కోపం కూడా తెచ్చుకుంటారు. హంగరీ దేశపు మనస్తత్వవేత్త మరియా నాగీ పిల్లలు చావుని ఎలా అర్థం చేసుకుంటారో పరిశీలించి 1948లో ప్రకటించింది. అయిదేళ్ళలోపు పిల్లలకి చావంటే నిద్ర లాంటిది, ప్రయాణం లాంటిదట. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారనే నమ్ముతారు. కొంచెం పెద్దయ్యాక, ఎవరో వచ్చి పట్టుకుపోతారని వూహించుకుంటారు. తొమ్మిదేళ్ళు దాటాక, అది అందరికీ తప్పనిదని గ్రహిస్తారు. చావు తిరిగి రానిదన్న సంగతి చాలామంది అయిదు నుంచి ఏడేళ్ళ మధ్యనే గ్రహిస్తారని తరవాతి పరిశోధకులు అన్నారు. ఏమైనా, అసలే తిరిగి వస్తారనుకునే వయసువాళ్ళకి మనం "వూరెళ్ళింది" అని చెబితే ఆ పొరపాటుని మనమే గట్టిపరిచినట్టు కదూ?

పెద్దపిల్లల సంగతి వేరు. వాళ్ళకి అన్నీ తెలుసు, కానీ మన ముందు ఏడవడానికి సిగ్గు. నాయనమ్మ పోయిననాడు మా అబ్బాయి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాడు. ఎవరో, "మగపిల్లాడివి, నువ్వే ఇలా అయితే మీ నాన్నకి ధైర్యం ఎవరు చెబుతారు?" అన్నారు. దయచేసి ఆ మాట ఏ పిల్లవాడితోనూ అనకండి, అననివ్వకండి. పదహారేళ్ళవాడి మీద ఇంటి బరువు పెట్టకూడదు. ముఖ్యంగా తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి "ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే" అంటూ వుంటాం. మనం ఓదార్పు అనుకుంటాం, వాడికది శిక్ష. చిన్న చిన్న పనులు అప్పగించండి, చాలు. మనం వాళ్ళ ఎదుట కన్నీళ్ళు పెట్టుకున్నా తప్పు లేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, అన్నం వండుకోవచ్చునని వాళ్ళు మనల్ని చూసే నేర్చుకోవాలి.

ఈ వయసు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పు" అంటే ఒక్క ముక్క చెప్పరు. చిక్కుడుకాయలు వలుస్తూనో, స్కూటరు మీద బజారుకి వెళుతూనో కదిపితే వాళ్ళే మొదలుపెడతారు. అప్పుడు మధ్యలో సలహాలివ్వకండి. "మా రోజుల్లో" అని ఎత్తుకోకండి.

ఇంట్లో ఏ మార్పు వచ్చినా సూత్రం ఒకటే. చెల్లాయి పుట్టబోతున్నా, తండ్రి పని పోయినా, పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చాలన్నా, ఇంట్లోవాళ్ళ ద్వారా, ముందుగా, వాళ్ళ వయసుకి తగ్గ మాటల్లో తెలియాలి. అన్నీ చెప్పక్కర్లేదు, చెప్పింది మాత్రం నిజం కావాలి. తల్లిదండ్రులు విడిపోయే ఇళ్ళల్లో మరీ జాగ్రత్త కావాలి. "ఇది మా ఇద్దరి మధ్య సంగతి, నీ తప్పేమీ లేదు, మేమిద్దరం నీకు అమ్మా నాన్నలమే" అని ఇద్దరూ కలిసి చెప్పగలిగితే అంతకంటే మంచిది లేదు. ఒకరి మీద ఒకరు ఆ పిల్లల చేత సాక్ష్యం చెప్పించకండి. నిర్ణయం పెద్దలదే అయినా, అందులో ఒక చిన్న భాగం పిల్లలకి వదలండి. ఏ గది, ఏ గోడకి ఏ రంగు, ఏ రోజు ప్రయాణం - అంతే. బడిలో టీచరుకి కూడా ఒక మాట చెవిన వేయండి.

ఎంత చేసినా కొందరు తేరుకోలేరు. రెండు మూడు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, స్నేహితుల్నీ ఆటల్నీ పూర్తిగా వదిలేసినా వైద్యుల సలహా తీసుకోండి. "నేను లేకపోతే బాగుండును" అన్న మాట మాత్రం ఒక్కసారి విన్నా చాలు, వారాలు లెక్కపెట్టకండి. అది బెదిరింపు అని కొట్టిపారేయకండి. పిల్లల్ని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే సేవ వుంది. 14416 నంబరుకి రాత్రీ పగలూ ఎప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. గ్యాసు పుస్తకం పక్కన రాసి పెట్టుకోండి.

మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇంటికొచ్చినప్పుడు స్టేషను నుంచే ఫోన్ చేసి, "ఆ బెంచీ ఇంకా వుందమ్మా" అంటాడు నవ్వుతూ. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. అమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. ఇంటర్‌కి హాస్టలా, ఇల్లా అన్న ప్రశ్న వచ్చిన రోజున మావారు నా వైపు చూశారు, నేను వంటింటి వైపు చూశాను. ఆ తరవాత ఇద్దరం లేచి దాని గది తలుపు తట్టాం.