గనిలో బండ ఎందుకు పేలుతుంది? లోపలివాళ్లను ఎలా కాపాడతారు?

సముద్రంలో చిక్కుకున్నవాళ్ల కోసం బ్రిటన్‌లో 1824లో ఒక రక్షణ సంస్థ పుట్టింది. దాని పడవలెక్కి తుపానులోకి వెళ్లినవాళ్లు చాలావరకు ఆ తీరపు జాలర్లే. సముద్రం లేని మన కోలారు బంగారు గనుల్లోనూ ఆపదొస్తే తోటి కార్మికులే ముందుకు దూకేవారు.

అక్కడి ఊరిగాం, చాంపియన్ రీఫ్ గనుల్లో పెద్ద ఆపద బండ పేలడం. మందుగుండు పెట్టకుండానే ఎందుకు పేలుతుంది? చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్ల పైమాటే. అంత లోతున ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 8,000 టన్నుల రాతి బరువుంటుంది. బంగారపు రాయిని తవ్వి తీసేస్తే ఆ బరువంతా చుట్టూ మిగిలిన బండ మీద పడుతుంది. గట్టి రాయి వంగదు. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని ఒక్కసారిగా చిట్లిపోతుంది. అందుకే తవ్విన ఖాళీల్లో చెక్కిన గ్రానైటు రాళ్లు పేర్చి గోడలు కట్టేవారు.

ఎక్కడ పేలిందో తెలిసేదెలా? కంపనాలను పట్టే జియోఫోన్లను పలుచోట్ల అమర్చారు. దగ్గరున్నదానికి కంపనం ముందు చేరుతుంది, దూరపుదానికి రెప్పపాటులో పదోవంతు ఆలస్యంగా. ఆ తేడాతోనే చోటు లెక్కగట్టేవారు.

చోటు తెలిశాక లోపలివాళ్లను కాపాడేందుకు వెళ్లే రక్షణ జట్టు, విషవాయువు ఉన్నచోట వీపున శ్వాస పరికరం తగిలించుకుంటుంది. వదిలిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును అందులోని రసాయనం పీల్చేస్తుంది, సిలిండరు ఆక్సిజన్ కలుపుతుంది, ఆ గాలినే మళ్లీ పీలుస్తారు. లోతున బండ వేడి 60 డిగ్రీలు దాటే గనిలో ఈ బరువుతో నడవడం ఎంత సాహసమో!

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీళ్లు నిండుతున్న ఆ సొరంగాల్లో బండలు ఆ తర్వాత కూడా పేలాయి.