కారు మునిగిందా.. తాళం తిప్పొద్దు!

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మంగినపూడి, బందరు, దివిసీమల్లో అందరూ ఆకాశం వైపు చూస్తారు. కారున్నవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి.. ఫోన్‌లో ఉన్న బీమా పాలసీ. 'ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిలే' అనుకునేవాళ్లలో ఎంతమంది దాన్ని తెరిచి చదివారు?

రెండు బీమాలు.. రెండు తేదీలు

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమానే. మీ కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే అది పనికొస్తుంది. తుపానుకి మీ కారు మీద కొబ్బరిచెట్టు పడితే పైసా రాదు. దానికి 'ఓన్ డ్యామేజ్' ఉండాలి. తుపాను, వరద, మంటలు, దొంగతనం అన్నీ ఇందులోకే వస్తాయి. రెండూ కలిస్తేనే కాంప్రహెన్సివ్.

తిరకాసు ఇక్కడే ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. ఓన్ డ్యామేజ్ చాలా పాలసీల్లో ఏడాదికే ఉంటుంది. అది అయిపోయినా, పోలీసులు ఆపితే చూపించడానికి బీమా ఉంటుంది. తుపానొస్తే మాత్రం లేనట్టే! అందుకే రెండు గడువులూ విడివిడిగా చూసుకోండి.

ఇంజిన్ సంగతేంటి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ని ముంచేసినప్పుడు కార్లు, బైకులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలా నానిన కారుని 'స్టార్ట్ అవుతుందేమో' అని తాళం తిప్పారా.. అంతే. సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 'ఇది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల' అని కంపెనీ క్లెయిమ్ కాదనొచ్చు. 'ఇంజిన్ ప్రొటెక్షన్' అనే అదనపు కవర్ ఉన్నది ఇందుకే. దాని షరతులూ చదవండి.

ఉప్పుగాలికి పట్టిన తుప్పుకి మాత్రం ఏ పాలసీలోనూ డబ్బు రాదు. అది వాడకంలో వచ్చే అరుగుదల కింద లెక్క. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సాధారణ పాలసీలో సగమే ఇస్తారు. మొత్తం కావాలంటే 'జీరో డిప్రిసియేషన్' కవర్ తీసుకోవాలి.

మునిగితే ఇలా చేయండి

* స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ చేయించండి.
* నంబర్ ప్లేట్, నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనపడేలా ఫొటోలు, వీడియో తీయండి.
* వెంటనే కంపెనీకి చెప్పండి. సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టొద్దు.

గడువు దాటిన పాలసీకి సాధారణంగా కారుని తనిఖీ చేశాకే కొత్తది ఇస్తారు. తుపాను హెచ్చరిక వచ్చాక పరుగెత్తితే లాభం ఉండకపోవచ్చు. ఎండ కాస్తున్నప్పుడే ఆ పని చూసుకోండి.